చంద్రుని సాక్ష్యము: మాగ్నెటారుల పేలుళ్ళను పలు కిరణములలో చూచిన కథ



2004వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీ తెల్లవారుజామున మూడు గంటల వేళ ఒంటిమిట్ట పైని ఆకాశమున చంద్రుడు నడినెత్తి దాటి పడమటికి ఒరిగియుండెను. పున్నమి వెళ్ళి ఒక దినము దాటినది. అంతకు రెండు దినముల క్రిందటనే సముద్రము పొంగి కోస్తా తీరముమీద పడెను. తెలుగునేల యంతయు ఆ విషాదములో మునిగియున్నది. ఆ గడియలో ఆ చంద్రునిమీద ఒక క్రొత్త వెలుగు పడినది. దానిని చూచిన మానవనేత్రము లేదు, చూడగల మానవనేత్రమును లేదు. అది గామా కిరణముల వెలుగు.

ఆ సమయమున భూగోళమునకు ఆవలి ప్రక్కన, పసిఫిక్ మహాసముద్రముమీద, పట్టపగలు. అచ్చట ఆకాశమున సూర్యునికి అయిదు డిగ్రీల ఎడములోనే, ధనూరాశిలో, ఎస్.జి.ఆర్. 1806-20 అను పేరుగల ఒక మృతనక్షత్రమున్నది. ఎన్నో వేల యేండ్ల క్రిందట అది ప్రేలగా బయలుదేరిన కిరణములు ఆ క్షణమున భూమిని చేరినవి. మొదటి మెరుపు ఒక సెకండులో అయిదవ వంతు మాత్రమే నిలిచెను. దాని వెనుక ఆరు నిమిషములకు పైగా ఒక తోక సాగినది. ఆ తోకలో 7.56 సెకండ్లకు ఒకసారి వెలుగు హెచ్చి తగ్గుచు, ఇంచుమించు యాభై పర్యాయములు నాడి కొట్టుకొన్నట్లు కొట్టుకొన్నది. నక్షత్రము తన్ను తాను ఒక చుట్టు తిరుగుటకు పట్టు కాలమే అది.

ఆనాడు ఆకాశమున తిరుగుచున్న అనేక ఉపగ్రహములు ఈ మెరుపును పట్టుకొన్నవి. అంతకు నెలదినముల ముందే పైకి పోయిన స్విఫ్ట్, ఐరోపావారి ఇంటెగ్రల్, సూర్యుని చూచుటకై పంపబడిన రెస్సీ, భూమికి దూరముననున్న విండ్ అందులోనివి. అయితే పట్టుకొన్నవన్న మాటయే గాని, మెరుపు శిఖరమున చాలావరకు యంత్రములు కొలత తప్పినవి. శేరు నిండి పొర్లినప్పుడు పొర్లిన గింజలెన్నియో శేరు చెప్పజాలదు గదా. కొన్ని చిన్న కణమాపకములు తట్టుకొన్నవి. వానితోపాటు అక్కరకు వచ్చినది చంద్రుడు. రష్యావారి కొరోనాస్-ఎఫ్ అను ఉపగ్రహము ఆ వేళకు భూమి చాటుననుండెను. మెరుపు దానికి నేరుగా కానరాలేదు. కాని భూమిని దాటిపోయిన గామా కిరణములు చంద్రునిమీద పడి, చెదరి, వెనుకకు వచ్చి, దాని యంత్రమును మెల్లగా తట్టినవి. ఆ మందపు వెలుగు యంత్రమునకు మితిమీరలేదు. దానినిబట్టి అసలు మెరుపు ఎంతటిదో లెక్క కట్టిరి. గ్రహాంతరముమీద పడి మరలి వచ్చిన గామా మెరుపును మానవుడు గుర్తించుట అదే ప్రథమము.

ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణము రాత్రివేళ జరుగుటకు చంద్రునికి స్వామి యిచ్చిన మాటయే కారణమని పెద్దలు చెప్పుదురు. ఆ చంద్రుడు శాస్త్రజ్ఞులకు సాక్షి యైన రాత్రి కూడ ఈ ఊరి నెత్తిమీదనే యుండెను. నక్షత్రము మాత్రము ఈ ఊరి పాదముల క్రింద, భూమికి ఆవల నుండెను.

ఇంతకు ఆ నక్షత్రమెట్టిది? సూర్యునికంటె ఎనిమిది రెట్లకు మించిన బరువుగల నక్షత్రము తన ఇంధనమంతయు తీరిన పిమ్మట నడుమ కూలిపోవును. పై పొరలు ప్రేలి చెల్లాచెదరగును. మిగిలిన గర్భము ఇరువది యిరువదైదు కిలోమీటర్ల వెడల్పుగల గోళముగా గట్టిపడును. ఒంటిమిట్ట నుండి కడపకు పోవు దారి పొడవంత గోళము. అందులో సూర్యుని బరువుకు ఒకటిన్నర రెట్లకు దగ్గరి బరువు. దీనినే న్యూట్రాను నక్షత్రమందురు. వీనిలో కొన్ని గిరగిర తిరుగుచు, దీపస్తంభమువలె రేడియో కిరణములను త్రిప్పుచుండును. అవి పల్సారులు. 1967లో జోసెలిన్ బెల్ మొదటిదానిని కనుగొనెను. పల్సారు వ్యయమునకు ఆధారము దాని భ్రమణము. తిరుగుడు మెల్లమెల్లగా తగ్గును. తగ్గినంత శక్తిలోనే అది వెలుగును. ఆదాయమునకు లోబడిన సంసారము.

ఎస్.జి.ఆర్. 1806-20 సంసారము అట్టిది కాదు. 1996లో చేసిన ఎక్స్-కిరణ పరిశీలనలనుబట్టి క్రిస్సా కువెలియోటూ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును దాని భ్రమణకాలము 7.47 సెకండ్లనియు, అది ఏటేట సెకండులో వెయ్యింట రెండున్నర వంతుల చొప్పున పెరుగుచున్నదనియు తేల్చి 1998లో ప్రకటించిరి. తిరుగుడు తగ్గుటవలన విడుదలయగు శక్తి యెంతో లెక్కించిరి. ఎక్స్-కిరణములుగా అది వెదజల్లుచున్న శక్తి యెంతో లెక్కించిరి. జమకంటె ఖర్చు ఎన్నో రెట్లు! ఏ ఇంట నైనను జమకు మించిన ఖర్చు నిత్యము సాగుచున్నదన్న, ఆ ఇంట ఎచ్చటనో పాతర యున్నదనుకొనవలయును. ఈ నక్షత్రమున ఆ పాతర అయస్కాంత శక్తి. 1992లోనే డంకన్, థాంప్సన్ అను ఇరువురు ఇట్టి నక్షత్రములు ఉండవచ్చునని ఊహించి మాగ్నెటారు అను పేరు పెట్టిరి. ఊహకు లెక్క ఆరేండ్లకు కుదిరినది.

భూమి అయస్కాంత బలము సుమారు అర గౌస్. మాగ్నెటారులకు అది కోటి కోట్ల గౌస్‌లకు పైబడి యుండును. అంతటి బలము గోళముపై పొరను మెలిపెట్టి బిగించును. ఒకనాడు పొర పగులును. చిన్న పగులునకు చిన్న మెరుపు, పెద్ద పగులునకు పెద్ద మెరుపు. పై లెక్కలో ఇంకొక వింత గలదు. 1996లో 7.47గా నున్న భ్రమణకాలము 2004 నాటికి 7.56 ఐనది. మొదట తేలిన చొప్పున పెరిగినచో ఎనిమిదేండ్లలో 7.49కి మించరాదు. అనగా మందగించు చొప్పు కూడ నిలకడలేనిది. పెద్ద మెరుపునకు ముందు ఏండ్లలో అది ఎక్కువ వేగముగా మందగించినది.

ఇంతటి మహామెరుపులు పాలపుంతలోను, దానికి తోడుగనున్న మాగెల్లను మేఘములోను కలిపి ఇంతవరకు మూడే నమోదైనవి. మొదటిది 1979 మార్చి 5వ తేదీ. ఆ సమయమున ఈ ప్రాంతమున రాత్రి తొమ్మిది గంటల ఇరువది నిమిషములు. ఆ నక్షత్రము దూరపు మాగెల్లను మేఘమున నున్నది; ఒంటిమిట్టనుండి దక్షిణ దిగంతముమీద అయిదు డిగ్రీల ఎత్తున, కొండల వరుసకు దగ్గరగా నుండెను. శుక్రగ్రహమునకై వెళ్ళిన రష్యావారి వెనెరా 11, 12 నౌకలు దానిని మొదట పట్టుకొన్నవి. రెండవది 1998 ఆగస్టు 27. అప్పుడు ఇచ్చట సాయంకాలము నాలుగు గంటలు కావచ్చినది. నక్షత్రము తూర్పున అప్పుడే పైకి వచ్చియున్నది. పసిఫిక్‌మీద మాత్రము అప్పుడు రాత్రి. వాతావరణపు మీది పొరలలో విద్యుత్కణములు రాత్రివేళ తగ్గి పగలు హెచ్చుట సహజము. ఆ మెరుపు తగిలి రాత్రి కాస్త కొన్ని నిమిషములు పగటి స్థితికి మారినట్లు, ఆ దారిని పోవు దీర్ఘ రేడియో తరంగముల తేడానుబట్టి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వారు కనిపెట్టిరి. మూడవది మొదట చెప్పినది.

ఈ మూడింటిలో ఏ ఒక్కటియు నేలమీది మనుష్యుని కంటికి తగులలేదు. గాలి గామా కిరణములను, ఎక్స్-కిరణములను నేలకు రానీయదు. అందువలననే ప్రాణికోటి బ్రతికియున్నది; అందువలననే ఆ కిరణములను చూడదలచినవారు గాలిపైకి పోవలెను. రేడియో తరంగములకు గాలి అడ్డు లేదు. అవి కోనలలో పరచిన పెద్ద లోహపు గిన్నెలకు చిక్కును. కంటికి కనబడు వెలుగు సంగతి వేరు. ఆషాఢ శ్రావణముల రాత్రి మబ్బు లేనప్పుడు దక్షిణమున ధనూరాశిని, అందులో చిక్కనైన పాలపుంతను ఎవరైనను చూడవచ్చును. ఎస్.జి.ఆర్. 1806-20 ఆ దిక్కుననే యున్నది. కాని నడుమనున్న ధూళి దాని కాంతినంతయు మ్రింగును. పరారుణ కిరణములలో మాత్రము పెద్ద దూరదర్శినులకు మినుకుమనును.

కాబట్టి ఒక మాగ్నెటారును గూర్చి ఒక్కొక్క కిరణము ఒక్కొక్క సంగతి చెప్పును. గామా కిరణములు పేలుడు బలమును చెప్పును. ఎక్స్-కిరణములు పై పొర వేడిని, భ్రమణమును చెప్పును. రేడియో తరంగములు బయటికి విసరబడిన పదార్థము ఎచ్చటికి పోవుచున్నదో చెప్పును. ఒకే గ్రామమునకు అడంగలు వేరు, చిట్టా వేరు, శిస్తు వసూలు లెక్క వేరు. జమాబందీనాడు అన్నింటిని ఒకచోట పరచి సరిచూచినప్పుడే ఏ పుస్తకములో తప్పు పడినదో బయటపడుచుండెను. ఆకాశమున ఇట్టి జమాబందీ 2005 జనవరిలో జరిగినది. అందులో భారతదేశపు పుస్తకము ఒకటి.

పూనాకు ఉత్తరమున నారాయణగావ్ దగ్గర ఖోదాడ్ అను పల్లెలో 45 మీటర్ల వెడల్పుగల గిన్నెలు ముప్పది కలవు. గోవింద స్వరూప్ అను మహనీయుని సంకల్పబలమున కట్టిన జి.ఎమ్.ఆర్.టి. అను రేడియో దూరదర్శిని అది. మెరుపు వచ్చిన వారమునకు ఆ దిక్కున ఒక రేడియో వెలుగు తలయెత్తినది. నక్షత్రము విసరివేసిన పదార్థము చుట్టునున్న వాయువును ఢీకొట్టగా పుట్టిన వెలుగది. అమెరికా, ఆస్ట్రేలియా దేశముల దూరదర్శినులతో పాటు ఖోదాడ్ గిన్నెలును దానిని చూచినవి. ఆ పరిశీలనలను పోగుచేసి వ్రాసిన పత్రములలో ఒకదానియందు టాటా సంస్థకు చెందిన పూనమ్ చంద్ర, అలక్ రే, అమెరికాలో స్థిరపడిన శ్రీనివాస కులకర్ణి మొదలగువారి పేర్లు కలవు.

ఆ పత్రమున వారు తేల్చిన ముఖ్యవిషయము దూరము. రేడియో వెలుగు వచ్చు దారిలో నడుమ హైడ్రోజను మేఘములున్నవి. ఏ మేఘము వెలుగును మ్రింగినది, ఏది మ్రింగలేదు అని చూచిన, నక్షత్రము ఏ మేఘమునకు ఆవలనున్నదో, ఏ మేఘమునకు ఈవలనున్నదో తెలియును. సంతకు పోవువాడు ఏ వాగు దాటి వచ్చెనో కాళ్ళ బురద చెప్పినట్లు. అంతకుముందు దాని దూరము సుమారు 49,000 కాంతి సంవత్సరములని యెంచిరి. ఆ దూరముననుండి అంత తీక్ష్ణముగా కనబడవలెనన్న, సూర్యుడు లక్షన్నర సంవత్సరములకు పైగా వెదజల్లు శక్తిని అది సెకండులో అయిదవ వంతున వెదజల్లి యుండవలెను. క్రొత్త లెక్క చొప్పున దూరము 21,000కును 32,000కును నడుమ. దీనికి అప్పుడే ప్రతివాదము వచ్చినది. ఆ హద్దు సరికాదని మరికొందరనిరి. 2008లో ఆ నక్షత్రముతో కూడియున్న నక్షత్ర సమూహమును పరారుణ కిరణములలో పరిశీలించి సుమారు 28,000 అని వేరొకరు చెప్పిరి. దూరము తగ్గినచో శక్తి దాని వర్గము చొప్పున తగ్గును. లక్షన్నర ఏండ్ల శక్తి కాస్త అందులో మూడవ వంతునకు దిగినది. అయినను యాభైవేల ఏండ్ల సూర్యుడు ఒక కనురెప్పపాటున! లెక్క తగ్గినందున ఆశ్చర్యము తగ్గదు.

కులకర్ణి యనగా మరాఠీ కన్నడ సీమలలో గ్రామకరణమునకు పేరు. నక్షత్రపు జమాఖర్చును సవరించినవారిలో ఆ ఇంటిపేరు కనబడుట కాకతాళీయమే యైనను, కరణీకము ఎరిగినవారికి చిరునవ్వు తెప్పింపక మానదు.

ఖోదాడ్ గిన్నెలు మాగ్నెటారులను విడువలేదు. ఎక్స్.టి.ఇ. జె1810-197 అను వేరొక మాగ్నెటారు 2003లో ఎక్స్-కిరణములలో మేల్కొని, పిమ్మట రేడియోలో స్పందించి, 2008 చివర రేడియోలో మూగవోయెను. పదేండ్ల తరువాత 2018 డిసెంబరులో మరల పలికినది. క్రొత్త హంగులు దిద్దుకొన్న జి.ఎమ్.ఆర్.టి. వెంటనే దానిని పట్టి, దాని రేడియో వెలుగు సన్నని చురుకు మెరుపులుగా వచ్చుట గుర్తించినది.

ఎక్స్-కిరణముల పుస్తకము తెలుగునేల మీదినుండియే పైకి పోయినది. ఒంటిమిట్టకు ఆగ్నేయమున, పక్షి యెగిరిన దారిని నూటయాభై కిలోమీటర్లలో శ్రీహరికోట యున్నది. అచ్చటినుండి 2015 సెప్టెంబరు 28న పి.ఎస్.ఎల్.వి.-సి30 రాకెట్టు ఆస్ట్రోశాట్ అను వేధశాలను 650 కిలోమీటర్ల ఎత్తున నిలిపెను. అతినీలలోహిత కిరణములకు రెండు దూరదర్శినులు, ఎక్స్-కిరణములకు నాలుగు యంత్రములు ఒకే నౌకమీద. ఒకే వస్తువును ఒకే క్షణమున పలు కిరణములలో చూచుటకే దానిని కట్టిరి. 2024 జనవరి 1న అదే శ్రీహరికోటనుండి ఎక్స్‌పోశాట్ పోయినది. ఎక్స్-కిరణములు ఏ తలమున కంపించుచున్నవో కొలుచుట దాని పని. అయస్కాంత బలము అత్యధికమైనచోట శూన్యముకూడ కిరణపు తలమును ప్రభావితము చేయునని సిద్ధాంతము. దానిని పరీక్షించుటకు మాగ్నెటారుకంటె తగిన చోటు లేదు.

ఒకే క్షణమున రెండు పుస్తకములు కుదిరిన దినము 2020 ఏప్రిల్ 28. దేశమంతయు తలుపులు వేసికొని ఇండ్లలోనున్న దినములవి. భారతకాలమానమున రాత్రి ఎనిమిది గంటలు. ఎస్.జి.ఆర్. 1935+2154 అను మాగ్నెటారు అప్పటికింకను ఈ ప్రాంతమున ఉదయించి యుండలేదు. కెనడాలోని చైమ్ అను రేడియో దూరదర్శిని, అమెరికాలో ఒక విద్యార్థి ముఖ్యుడుగా కట్టిన స్టేర్-2 అను మూడు చిన్న యంత్రములు, ఆ దిక్కునుండి ఒక చురుకైన రేడియో మెరుపును పట్టినవి. స్టేర్-2 బృందమునను కులకర్ణి యుండెను. ఇట్టి శీఘ్ర రేడియో మెరుపులు 2007నుండి తెలిసినవే గాని, అన్నియు దూర దూర నక్షత్ర మండలములనుండి వచ్చుచుండెను. వానికి మూలమేదో పదమూడేండ్లుగా వాదమే. ఈసారి మాత్రము అదే మాగ్నెటారునుండి ఎక్స్-కిరణ మెరుపుకూడ వచ్చినది. చైనావారి ఇన్‌సైట్, ఐరోపావారి ఇంటెగ్రల్ మొదలగు ఉపగ్రహములు దానిని నమోదు చేసినవి.

రెండును ఒకటే అని చెప్పుట సులభము కాదు. రేడియో తరంగములు దారిలోని విద్యుత్కణములవలన ఆలస్యమగును; తరంగము పొడవైన కొలది ఆలస్యము హెచ్చు. చైమ్ పట్టు తరంగములలో మిక్కిలి పొడవైనవి ఎక్స్-కిరణములకు ఎనిమిదిన్నర సెకండ్లు వెనుకబడినవి. ఆ ఆలస్యమును తీసివేసి చూడగా రేడియో మెరుపున రెండు శిఖరములు, నడుమ సెకండులో వెయ్యింట ముప్పది వంతుల ఎడము. ఎక్స్-కిరణ మెరుపునను రెండు శిఖరములు, అదే ఎడము. శీఘ్ర రేడియో మెరుపులలో కొన్నియైనను మాగ్నెటారులనుండి వచ్చునని అప్పుడు రూఢియైనది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఆ దినములలోనే ఆ మాగ్నెటారు వెలువరించిన 29 చిన్న పేలుళ్ళను ఫెర్మి ఉపగ్రహము నమోదు చేసినది. ఆ సమయమున చైనాలోని ఫాస్ట్ అను పెద్ద రేడియో గిన్నె అటే చూచుచుండెను. దానికి ఒక్క రేడియో మెరుపైనను తగులలేదు. పత్రికలు కుదిరిన ఒక్క లెక్కనే చాటినవి. కుదరని ఇరువది తొమ్మిదింటిని గూర్చి అంతగా పలుకలేదు. మాగ్నెటారు పేలినప్పుడెల్ల రేడియో మ్రోగదు. ఎప్పుడు మ్రోగును, ఎందుకు మ్రోగును అనునది నేటికిని పరిశోధనలోనే యున్నది.

బంగారము మాట మిగిలినది. బంగారము, ప్లాటినము వంటి బరువైన మూలకములు పుట్టుటకు న్యూట్రానుల వర్షము కావలెను. రెండు న్యూట్రాను నక్షత్రములు ఢీకొన్నప్పుడు అవి పుట్టుట 2017లో కండ్లారా చూచిరి. కాని ఆ ఢీకొనుటకు కాలము పట్టును. విశ్వము పసిదిగా నున్నప్పటి బంగారమునకు అది చాలదను సందేహమున్నది. 2004 నాటి మహామెరుపు తీరిన పది నిమిషములకు ఇంటెగ్రల్ ఉపగ్రహమున గామా కిరణముల రెండవ అల యొకటి లేచి కొన్ని గంటలు సాగినది. 2005లోనే దానిని గుర్తించి అచ్చు వేసిరి. మెరుపు తరువాతి మిణుకు కాబోలునని తలచి ప్రక్కన పెట్టిరి. ఇరువది ఏండ్లు ఆ అంకెలు అట్లే యున్నవి.

2025లో కొలంబియా విశ్వవిద్యాలయమునందలి అనిరుద్ధ పటేల్, మెట్జ్‌గర్ మొదలగువారు, మాగ్నెటారు పై పొర చిమ్మబడినచో అందు బరువైన మూలకములు పుట్టి, అవి క్షీణించుచు ఏ వెలుగు నీయవలెనో సిద్ధాంతముగా లెక్క వేసిరి. ఆ వెలుగు ఎప్పుడు లేవవలెనో, ఎంతసేపు నిలువవలెనో, ఏ శక్తిగల కిరణములుగా నుండవలెనో వారి కాగితముమీద తేలిన దానికి, ఆ పాత అంకెలు సరిపోయినవి. రెస్సీ, విండ్ ఉపగ్రహముల పాత నమోదులను తీసి చూడగా అవియు అదే చెప్పినవి. ఆ ఒక్క పేలుడున పుట్టిన బరువైన మూలకముల రాశి, సుమారుగా భూమి బరువులో మూడవ వంతట. పాలపుంతలోని అట్టి మూలకములలో నూటికి ఒకటినుండి పది వంతులవరకు మాగ్నెటారుల వలన పుట్టియుండవచ్చునని వారి అంచనా. ఒంటిమిట్ట కల్యాణమున కట్టు తాళిబొట్టులోని బంగారమున ఏ రేణువు ఎచ్చటిదో ఎవరును వేరుచేసి చెప్పజాలరు. అయినను నూటికి ఒకటి నుండి పది వంతులన్న, ఒక్కొక్క తాళిబొట్టునందును అట్టి రేణువులు ఉండక తప్పదు.

గామా కిరణములలో ఒక్కొక్క మూలకపు గుర్తును వేరు చేసి చదువగల కోసి అను ఉపగ్రహమును 2027లో పంపవలెనని అమెరికావారి సంకల్పము. అది పైకి పోయిన పిమ్మట పాలపుంతలో ఇంకొక మహామెరుపు వచ్చినచో, పటేల్ ప్రభృతుల లెక్క నిలుచునో తప్పునో తేలును. 1979నుండి 1998కి పందొమ్మిదేండ్లు పట్టినది. 1998నుండి 2004కి ఆరేండ్లే. 2004 తరువాత పాలపుంతలో ఇంతవరకు రాలేదు. దూర మండలములలో మాత్రము 2020 ఏప్రిల్ 15న ఒకటి, 2023 నవంబరు 15న ఒకటి వచ్చినట్లు గుర్తించిరి. మొదటిది ఎన్.జి.సి. 253 అను మండలమున, రెండవది ఎమ్82 అను మండలమున. రెండును కోటి కాంతి సంవత్సరములకు పైని దూరమువి. చంద్రునిమీద పడి మరలి వచ్చినను కొలువదగినంత వెలుగు వానికి లేదు.